వినికిడి నాడికీ ఆకలి ఉంటుంది

"వీడికి మేనమామ పోలిక. మాటలు కాస్త ఆలస్యంగా వస్తాయిలే!" అనే మాట మన పల్లెల్లో మీరు వినే ఉంటారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కాని ఆ బిడ్డకు అసలు వినబడటం లేదేమో? ఆ సంగతి తేల్చుకోకుండా రెండు మూడేళ్లు గడిపేస్తే ఏమవుతుంది? తెలుసుకోవాలంటే ముందు చెవి లోపలికి తొంగిచూడాలి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే భాగాన్ని కోక్లియా అంటారు. శబ్దం కర్ణభేరిని కదిలిస్తే, ఆ కదలిక మూడు చిన్న ఎముకల మీదుగా కోక్లియాలోని ద్రవానికి చేరుతుంది. అక్కడి రోమకణాలు దానిని విద్యుత్ సంకేతంగా మారిస్తే, శ్రవణ నాడి మెదడుకు మోసుకుపోతుంది. ఒక్కో చెవిలో లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500. నాడీకణాలు సుమారు 30,000. పుట్టు చెవుడులో చాలావరకు దెబ్బతినేవి రోమకణాలే. మనిషిలో అవి పోతే మళ్లీ పుట్టవు.

"రోమకణాలు పోతే పోయాయి, నాడీకణాలు ఉన్నాయి కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న! దీనికి జవాబు వెదకడం ఒక పడకగదిలో మొదలైంది.

ఇటలీలో 1938లో వచ్చిన జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టాయి. రీటా లెవీ మోంటాల్చినీ అనే యువ వైద్యురాలు ట్యూరిన్‌లోని తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుంది. కోడిగుడ్డులో పెరుగుతున్న పిండానికి కాలి మొగ్గను తీసివేస్తే, ఆ కాలికి చేరవలసిన నాడీకణాలు పుట్టి కూడా చనిపోతున్నాయని గమనించింది. అంటే, నాడీకణాలను బతికించేదేదో అవి చేరే చోటనే తయారవుతోందన్నమాట! తరువాత 1950లలో అమెరికాలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి ఆ పదార్థాన్ని పట్టుకుంది. అదే నాడీ వృద్ధి కారకం. ఇద్దరికీ 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. 1982లో ఈ కుటుంబానికే చెందిన మరో ప్రోటీన్ పంది మెదడులో దొరికింది. దాని పేరు బి.డి.ఎన్.ఎఫ్.

చెవిలోనూ ఇదే కథ. రోమకణాలు, వాటి పక్కనున్న ఆధార కణాలు బి.డి.ఎన్.ఎఫ్., ఎన్.టి.-3 అనే కారకాలను నాడీకణాలకు అందిస్తాయి. వంశధార కాలువ శివారు పొలాన్ని తలచుకోండి. పైనుంచి నీరు ఆగితే పైరు ఒక్కరోజులో ఎండదు, మెల్లమెల్లగా వాడిపోతుంది. రోమకణాలు పోయిన చెవిలో నాడీకణాలూ అలాగే క్షీణిస్తాయి. జంతువులలో ఇది త్వరగా జరుగుతుంది. మనుషులలో చాలా నెమ్మది. అది మన అదృష్టం.

కాలువ ఆగితే కావిడితో నీళ్లు పోయలేమా? శాస్త్రవేత్తలు అదే చేశారు. చెవుడు తెప్పించిన గినీ పందుల కోక్లియాలోకి చిన్న పంపుతో బి.డి.ఎన్.ఎఫ్. పంపితే నాడీకణాలు బతికాయి. కాని కొన్ని ప్రయోగాలలో మందు ఆపగానే మళ్లీ క్షీణించాయి. కొన్నిటిలో నాడీ తంతువులు దారితప్పి పెరిగాయి. అందుకే ఇది ఇంకా పిల్లలకు మామూలుగా ఇచ్చే మందు కాలేదు.

అయితే ఈ నాడిని కాపాడటం ఎందుకంత ముఖ్యం? కోక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం రోమకణాల పనిని తాను చేస్తూ నేరుగా నాడిని విద్యుత్తుతో తట్టిలేపుతుంది. నాడి లేకపోతే అది ఎవరిని లేపాలి? నాడి ఒక్కటే చాలదు, మెదడూ సిద్ధంగా ఉండాలి. మొదటి మూడు, మూడున్నర ఏళ్లలో శబ్దం అందకపోతే, వినికిడికి కేటాయించిన మెదడు భాగాన్ని చూపు వంటి ఇతర పనులు ఆక్రమించుకోసాగుతాయి. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ వేస్తుందని మీ ఇంట్లో పెద్దలు చెప్పరూ? ఇదీ అంతే!

అందుకే వైద్యులు ఒక లెక్క చెబుతారు: పుట్టిన 1 నెలలోపు వినికిడి పరీక్ష, 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా చికిత్స ఆరంభం. నిద్రపోతున్న బిడ్డకు కూడా నొప్పి లేకుండా ఈ పరీక్ష చేయవచ్చు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలివిడతగా మొదలైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. లక్షల ఖరీదు చేసే ఇంప్లాంట్ చికిత్స ఆ పథకం ద్వారా పేద పిల్లలకూ అందింది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడునూ చేర్చారు.

ఇంప్లాంట్ అందరికీ సరిపడదు. సైగల భాష కూడా సంపూర్ణమైన భాషే. ఏ భాషయినా బిడ్డకు త్వరగా అందాలి, అంతే.

ఇక మీ వంతు. మీ ఇంట్లోనో, వీధిలోనో పసిబిడ్డ ఉంటే గమనించండి. పెద్ద శబ్దానికి ఉలికిపడుతోందా? ఆరు నెలలు దాటాక పిలిస్తే తల తిప్పుతోందా? పళ్లెం మోగించి చూసి తృప్తిపడకండి. మీ చేతి కదలికను చూసి కూడా బిడ్డ తిరగవచ్చు. అనుమానం వస్తే ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ టీచరుకో ఆరోజే చెప్పండి. "మేనమామ పోలికేలే" అని పెద్దలు అంటే, "కావచ్చు, పరీక్ష కూడా చేయిద్దాం" అనండి. ఆ నాడి అక్కడ ఆకలితో ఎదురుచూస్తూ ఉండవచ్చు.