అస్త్రము – శస్త్రము

'అస్త్రశస్త్రములు' అను జంటపదము మన నాలుకలకు చిరకాలముగా అలవడినది. రెండును ఆయుధములే కదా, భేదమేమని విద్యార్థి యడుగుట సహజము. అమరసింహుడు సైతము ఆయుధ పర్యాయములలో ఈ రెంటిని ప్రక్కప్రక్కనే చేర్చినాడు. కాని నిఘంటువున ఇరుగుపొరుగైనంత మాత్రమున రెండు పదములు ఒక్క ఇంటివి కాజాలవు.

శస్త్రమునకు మూలము హింసార్థకమైన 'శస్' ధాతువు. అస్త్రమునకు మూలము 'అస్' ధాతువు. పాణినీయ ధాతుపాఠము దీనికి క్షేపణము, అనగా విసరుట, అని అర్థము చెప్పుచున్నది. 'ఉండుట' యను నర్థము గల 'అస్' వేరు. దానిని దీనితో కలుపరాదు. పదాంతమందలి 'త్ర' సాధనమును తెలుపును. త్రాగుటకు సాధనము పాత్రము. కోయుటకు సాధనము శస్త్రము. విసరి కొట్టుటకు సాధనము అస్త్రము.

ధనుర్వేద సంప్రదాయమున ఆయుధములు నాలుగు తెగలు. చేతినుండి విడుచు చక్రాదులు ముక్తములు. విడువక పట్టియుండు ఖడ్గాదులు అముక్తములు. రెండు విధముల వాడదగినవి ముక్తాముక్తములు. వింటివంటి యంత్రముచే విడువబడు బాణములు యంత్రముక్తములు. ముక్తము అస్త్రమనియు, అముక్తము శస్త్రమనియు వ్యవహారము. మంత్రముతో ప్రయోగించునదే అస్త్రమని పలువురు తలచుట కద్దు. అది పురాణకథలవలన కలిగిన రూఢి. పదమున మాత్రము మంత్రప్రసక్తి లేదు. పొలమున మంచెపై నిలిచి రైతు వడిసెలతో రువ్విన రాయియు వ్యుత్పత్తినిబట్టి అస్త్రమే యగును.

ఈ భేదము నేటికిని మన వాడుకలో సజీవముగా నున్నది. వైద్యుడు చేయునది శస్త్రచికిత్స. దానిని అస్త్రచికిత్స యన్నవాడు లేడు. సుశ్రుతుడు చెప్పిన 20 శస్త్రములును చేతబట్టి వాడవలసినవే. నేడు పత్రికలలో కనబడు 'క్షిపణి' అను మాటయు విసరుటను తెలుపు 'క్షిప్' ధాతువునుండియే వచ్చినది. 1989లో ప్రయోగించిన 'అగ్ని' క్షిపణి పేరు వినగానే మనకు ఆగ్నేయాస్త్రము స్ఫురించుట ఉచితమే.

ఇక ఉపాధ్యాయులకు ముచ్చట గొలుపు విషయమొకటి కలదు. విసరుట యను ఈ ధాతువు యుద్ధభూమికంటె పాఠశాలలోనే ఎక్కువగా కాపురమున్నది. పదములను ఒకచోటికి చేర్చి వేసిన సమాసము. విషయమును విడదీసి పరచిన వ్యాసము. సభ ముందు ఉంచిన ఉపన్యాసము. ఒక్కదానిపైననే మరల మరల మనసు వేసిన అభ్యాసము. వేదములను విభజించిన మహర్షి వ్యాసుడు. అన్నియు 'అస్' ధాతువు సంతానమే! సర్వమును విడిచివేయుట సన్న్యాసము. పుత్రుడు మరణించెనను మాట విని ద్రోణాచార్యుడు చేసిన అస్త్రసన్న్యాసమున ఈ ధాతువు రెండుమార్లు వినబడును.

శస్త్రము చేతిలోనుండును గనుక ఏ క్షణముననైన ఆపవచ్చును. అస్త్రమట్లు కాదు, ఒకసారి చేయి దాటినచో మరలించుటకు వేరొక విద్య కావలెను. దానికే ఉపసంహారమని పేరు. భారతమున అర్జునుడును అశ్వత్థామయు ద్రోణునివద్దనే బ్రహ్మశిరోస్త్రమును పొందిరి. ఇరువురును ప్రయోగించినపుడు వ్యాసనారదులు నడుమ నిలిచి వారించిరి. అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామకది శక్యము కాలేదు. ఆ అస్త్రము పాండవ స్త్రీల గర్భములపైకి మరలినది. గురువొక్కడే, విద్యయొక్కటే; నిగ్రహమున్నవానికి మాత్రమే ఆ విద్య పూర్తిగా వశమైనది.

వ్యాసరచన నేర్పునపుడు తుదిభాగమును ఉపసంహారమని మనము పిల్లలకు చెప్పుచున్నాము. ఆ మాట ఎక్కడినుండి వచ్చినదో కూడ చెప్పుట మేలు. మాటయు అస్త్రమువంటిదే. విసరుట నేర్పినవారు, ఎప్పుడు ఎక్కడ నిలుపవలెనో అదియు నేర్పవలసియున్నది.