పాత ఫొటోలో ఉన్న ఆ యుద్ధ విమానం ఏది? స్పిట్‌ఫైరా, హరికేనా? ఇలా కనిపెట్టొచ్చు!

పాత ట్రంకు పెట్టెలో ఓ బ్లాక్ అండ్ వైట్ ఫొటో దొరికింది. ఖాకీ యూనిఫాంలో తాతయ్య, వెనకాల ఓ యుద్ధ విమానం. ఫొటో వెనక తేదీ లేదు, ఊరు పేరు లేదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే మొదటి రిప్లై వచ్చేస్తుంది.. "అది స్పిట్‌ఫైర్!"

చాలాసార్లు అది స్పిట్‌ఫైర్ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం ఏది కనిపించినా ఆ పేరే పెట్టేయడం జనానికి అలవాటైపోయింది. పేరు తప్పితే ఏమవుతుంది అనుకోవద్దు. విమానం తప్పితే స్క్వాడ్రన్ తప్పుతుంది. స్క్వాడ్రన్ తప్పితే వెతికే రికార్డులు తప్పుతాయి. చివరికి ఇంకెవరి యుద్ధమో మన తాతయ్య కథ అయిపోతుంది.

మరి ఫొటో చూసి విమానాన్ని గుర్తుపట్టడం ఎలా? నిపుణులు పాటించే వరుస ఇదీ..

ముందు ఫొటో సంగతి తేల్చాలి

మొదట చూడాల్సింది ఒరిజినల్ ప్రింట్. ఏఐ యాప్‌లో రంగులద్ది, క్లియర్ చేసిన కాపీ కాదు. మసకగా ఉన్న అక్షరాన్ని యాప్ తన ఊహతో పూరిస్తుంది. 'ఓ' కాస్తా 'క్యూ' అయిపోవచ్చు. ఆ ఒక్క అక్షరంతోనే దారి మారిపోతుంది.

ఫొటో తిరగబడిందేమో కూడా చూసుకోవాలి. నెగటివ్‌ను ఉల్టా పెట్టి ప్రింట్ వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. స్పిట్‌ఫైర్‌లో పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమ వైపే ఉంటుంది. ఫొటోలో అది కుడి వైపు కనిపించిందంటే ప్రింట్ తిరగబడినట్టే.

స్పిట్‌ఫైర్, హరికేన్.. తేడా ఇక్కడే

హాకర్ హరికేన్ మొదటిసారి ఎగిరింది 1935 నవంబర్ 6న. డిజైనర్ సిడ్నీ కామ్. సూపర్‌మెరైన్ స్పిట్‌ఫైర్ ఎగిరింది 1936 మార్చి 5న. డిజైనర్ ఆర్.జె. మిచెల్. మొదట్లో రెండింటికీ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజినే. రెండింటికీ ఒకే సీటు. అందుకే దూరం నుంచి కవలల్లా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే తేడాలు చాలానే ఉన్నాయి.

రెక్కలు: స్పిట్‌ఫైర్ రెక్క పల్చగా, కోడిగుడ్డు ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. హరికేన్ రెక్క మందంగా ఉంటుంది. అంచులు దాదాపు నిటారుగా వెళ్లి చివర మాత్రమే గుండ్రంగా తిరుగుతాయి. అయితే ఒక్క రెక్కనే నమ్ముకోవద్దు. కొన్ని స్పిట్‌ఫైర్లకు రెక్కల చివర్లు కత్తిరించేశారు, కొన్నింటికి మొనదేలినట్టు పెట్టారు.

చక్రాలు: నేల మీద నిలబడ్డ విమానమైతే ఇది తిరుగులేని ఆనవాలు. స్పిట్‌ఫైర్ చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పైకి లేచాక బయటి వైపుకి ముడుచుకుంటాయి. హరికేన్ చక్రాలు ఎడంగా ఉండి లోపలికి ముడుచుకుంటాయి.

రేడియేటర్: హరికేన్‌కు పొట్ట కింద సరిగ్గా మధ్యలో ఉంటుంది. స్పిట్‌ఫైర్‌కు రెక్కల కింద ఉంటుంది.

వెనక భాగం: హరికేన్ కాక్‌పిట్ వెనక భాగానికి గుడ్డ చుట్టి ఉంటుంది. దాని కింద ఉన్న చెక్క పట్టీలు పొడవాటి గీతల్లా తోక దాకా కనిపిస్తాయి. స్పిట్‌ఫైర్ ఒళ్లంతా నున్నటి లోహపు రేకు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. బౌల్టన్ పాల్ డిఫయంట్ అనే విమానం కూడా హరికేన్‌లాగే కనిపిస్తుంది. కానీ అందులో ఇద్దరు కూర్చుంటారు. పైలట్ వెనక గుండ్రంగా తిరిగే టరెట్, అందులో నాలుగు మెషిన్ గన్‌లు ఉంటాయి. ముందుకు కాల్చే గన్‌లు ఉండవు. టరెట్ కనిపిస్తే అది డిఫయంట్.

స్పిట్‌ఫైరే అయితే ఏ మోడల్?

యుద్ధం నడిచినంత కాలం స్పిట్‌ఫైర్ మారుతూనే వచ్చింది. అందుకే మోడల్ తెలిస్తే ఫొటో ఏ కాలంలో తీసిందో ఓ అంచనాకు రావచ్చు. తొలి మోడళ్ల నుంచి మార్క్ 5 దాకా కుడి రెక్క కింద పెద్ద రేడియేటర్ పెట్టె, ఎడమ రెక్క కింద సన్నటి ఆయిల్ కూలర్ ఉంటాయి. అంటే రెండు వైపులా ఒకేలా ఉండదు. మార్క్ 8, మార్క్ 9 వచ్చేసరికి రెండు రెక్కల కిందా ఒకే సైజు పెట్టెలు వచ్చాయి. ప్రొపెల్లర్‌కు నాలుగు బ్లేడ్లు వచ్చాయి.

గుండ్రని గుర్తు చెప్పే కథ

విమానం పక్కన, రెక్కల మీద ఉండే గుండ్రని గుర్తును రౌండెల్ అంటారు. బ్రిటన్‌లో 1940 వేసవికల్లా విమానం పక్కనున్న రౌండెల్‌కు బయట పసుపు వలయం ఉంది. 1942 మధ్య నుంచి పసుపు, తెలుపు వలయాలు బాగా సన్నబడ్డాయి.

మన దగ్గర, బర్మాలో కథ వేరు. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యుడు. రౌండెల్ మధ్యలో ఎరుపు ఉంటే సొంత వాళ్లే శత్రువనుకుని కాల్చేసే ప్రమాదం ఉంది. అందుకే ఈ ప్రాంతపు విమానాల మీద ఎరుపు తీసేశారు. ముదురు నీలం మధ్యలో లేత రంగు మాత్రమే మిగిలింది. ఫొటోలో రౌండెల్ మధ్య భాగం తెల్లగా కనిపిస్తే ఆ విమానం ఇండియా, బర్మా వైపుదై ఉండొచ్చు. రెక్కల మీద, తోక మీద తెల్లటి పట్టీలు కూడా ఉంటే అది 1945 ప్రాంతం కావొచ్చు.

ఇక్కడో జాగ్రత్త. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రంగుల విషయంలో మోసం చేస్తుంది. ఆర్థోక్రోమాటిక్ రకం ఫిల్మ్‌లో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడతాయి. "పసుపు వలయం కనిపించట్లేదు కాబట్టి పాత ఫొటో" అని వెంటనే తేల్చేయకూడదు.

అక్షరాలే అసలు అడ్రస్

రౌండెల్‌కు ఒక వైపు రెండు అక్షరాలు, మరో వైపు ఒకటి ఉంటాయి. జంటగా ఉన్నవి స్క్వాడ్రన్ కోడ్. ఒంటరి అక్షరం ఆ స్క్వాడ్రన్‌లో ఆ విమానం గుర్తు. తోక దగ్గర చిన్నగా రాసి ఉండేది సీరియల్ నంబర్. ఒక అక్షరం నాలుగు అంకెలు, లేదా రెండు అక్షరాలు మూడు అంకెలు. ఉదాహరణకు స్పిట్‌ఫైర్ మొదటి నమూనా విమానం నంబర్ కె5054. చిట్టచివరి హరికేన్ నంబర్ పీజెడ్865.

స్క్వాడ్రన్ కోడ్ విమానానికి వీధి పేరు లాంటిదైతే, సీరియల్ నంబర్ ఆధార్ నంబర్ లాంటిది. విమానం ఒక స్క్వాడ్రన్ నుంచి ఇంకోదానికి మారితే కోడ్ మారుతుంది, సీరియల్ మారదు. కాకపోతే యుద్ధం రోజుల్లో పత్రికలకిచ్చే ఫొటోల్లో ఈ అక్షరాలను సెన్సార్ వాళ్లు చెరిపేసేవాళ్లు. అవి కనిపించకపోతే అది ఫొటో లోపం కాకపోవచ్చు.

హైదరాబాద్, మద్రాస్ పేర్లతో స్క్వాడ్రన్లు!

ఈ కోడ్‌లలో తెలుగు నేలతో ముడిపడినవి కూడా ఉన్నాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వాయుసేన, అంటే రాయల్ ఎయిర్ ఫోర్స్ కొన్ని స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టింది. 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని కోడ్ యూఎం. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా! 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ నడిపింది హరికేన్లు. కోడ్ ఎస్‌డబ్ల్యూ.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ ప్రెసిడెన్సీ పేరుతో మూడు స్క్వాడ్రన్లు ఎగిరాయి. 79 స్క్వాడ్రన్‌కు హరికేన్లు, కోడ్ ఎన్‌వీ. 234కు స్పిట్‌ఫైర్లు, కోడ్ ఏజెడ్. 264కు డిఫయంట్లు, కోడ్ పీఎస్. అంటే 1940లో మద్రాస్ పేరు మోసిన మూడు స్క్వాడ్రన్లలో స్పిట్‌ఫైర్ నడిపింది ఒక్కటే.

152 స్క్వాడ్రన్ తర్వాత బర్మా యుద్ధానికి వచ్చింది. అక్కడ దాని స్పిట్‌ఫైర్ల పక్కన, రౌండెల్‌లోంచి దూకుతున్నట్టు నల్ల చిరుత బొమ్మ వేశారు. ఫొటోలో ఆ చిరుత కనిపిస్తే అది హైదరాబాద్ స్క్వాడ్రన్ ఆనవాలు.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. పేరు హైదరాబాద్‌దైనా, ఈ స్క్వాడ్రన్ల పైలట్లు ఎక్కువగా బ్రిటన్, కామన్వెల్త్ దేశాల వాళ్లే. "హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానం కాబట్టి పైలట్ మనవాడే" అనుకుంటే పొరపాటు.

మరి మనవాళ్లు నడిపింది ఏది?

బర్మా యుద్ధంలో భారత పైలట్లు ఎక్కువగా నడిపిన ఫైటర్ హరికేన్. 1944లో ఇంఫాల్ పోరులో 1వ స్క్వాడ్రన్‌ను నడిపించిన అర్జన్ సింగ్ ఎక్కింది హరికేనే. ఆ ఏడాదే ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ వచ్చింది. తర్వాత ఆయన మార్షల్ ఆఫ్ ది ఎయిర్ ఫోర్స్ అయ్యారు. భారత స్క్వాడ్రన్ల చేతికి స్పిట్‌ఫైర్లు రావడం మొదలైంది కూడా 1944లోనే. కాబట్టి 1943 నాటి భారత స్క్వాడ్రన్ ఫొటోకి 'స్పిట్‌ఫైర్' అని క్యాప్షన్ ఉంటే అనుమానించాల్సిందే.

ఇక ఫొటో బేగంపేటలో తీసిందై, ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలున్న విమానం కనిపిస్తే? అది ఫైటరే కాకపోవచ్చు. యుద్ధకాలంలో బేగంపేటలో ప్రాథమిక ఫ్లయింగ్ శిక్షణ ఇచ్చేవాళ్లు. ఆ శిక్షణకు వాడింది టైగర్ మాత్ విమానాలు.

పక్కన నిలబడితే పైలట్ అయిపోరు

విమానం తేలాక మనిషి దగ్గరికి రావాలి. యూనిఫాం ఎడమ ఛాతీ మీద రెండు రెక్కల బ్యాడ్జి ఉంటే పైలట్. ఒకే రెక్క ఉంటే పైలట్ కాని ఎయిర్‌క్రూ, అంటే గన్నర్, నావిగేటర్ లాంటివాళ్లు. ఏ రెక్కా లేకపోతే ఆయన గ్రౌండ్ సిబ్బంది అయ్యుండొచ్చు. ఇంజిన్ చూసే ఫిట్టర్, విమానం బాడీ చూసే రిగ్గర్, తూటాలు నింపే ఆర్మరర్.. వీళ్ల చేయి పడకుండా ఒక్క విమానం కూడా పైకి లేచేది కాదు.

స్క్వాడ్రన్, సీరియల్ నంబర్ రెండూ తెలిస్తే లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ దాకా వెళ్లొచ్చు. రాయల్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డ్ బుక్స్ 'ఎయిర్ 27' అనే విభాగంలో ఉన్నాయి. ఏ రోజు ఏ విమానాన్ని ఎవరు నడిపారు, ఎన్ని గంటలకు లేచింది, ఎప్పుడు దిగింది.. ఇలాంటి వివరాలు వాటిలో దొరుకుతాయి. అసలు విమానాలే చూడాలనుకుంటే ఢిల్లీ పాలంలోని ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో హరికేన్, స్పిట్‌ఫైర్ రెండూ ఉన్నాయి. ఒకసారి కళ్లారా చూస్తే ఫొటోలో తేడా పట్టడం తేలికవుతుంది.

ఇంట్లో ఇలాంటి ఫొటో ఉంటే ముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. వెనక పెన్సిల్‌తో గీసిన చిన్న అంకె అయినా సరే, చెరపొద్దు. క్యాప్షన్ మాత్రం అన్నీ తేలాకే రాయండి. ఒకవేళ తాతయ్య పైలట్ కాదు, హరికేన్ ఇంజిన్ బాగుచేసిన ఫిట్టర్ అని తేలితే అదే రాయండి. స్పిట్‌ఫైర్ పైలట్ అనే అబద్ధం కంటే ఆ నిజమే ఆయనకు దక్కాల్సిన గౌరవం.