ఆఖరివాడికే మొదటి పిలుపు

పిల్లలూ! తరగతిలో అందరికన్నా తక్కువ మార్కులు వచ్చిన కుర్రవాడిని పిలిచి, "ఈ బహుమతి పుస్తకాలలో నీకు నచ్చినది ముందు నువ్వే తీసుకో," అంటే మీకు వింతగా ఉంటుంది కదూ? ఉత్తర అమెరికాలో మంచుమీద ఆడే హాకీలో ఇలాంటి ఏర్పాటే ఉన్నది.

మన హాకీలో బంతి ఉంటుంది. అక్కడ మూడు అంగుళాల వెడల్పూ, అంగుళం మందమూ గల గుండ్రని రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఆటగాళ్ళు అడుగున ఉక్కు అంచులు బిగించిన బూట్లతో మంచుమీద జారుతూ దానిని కర్రలతో కొడతారు.

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరపు జట్టు పేరు షార్క్స్, అంటే సొరచేపలు. పేరు భయంకరమే గాని, 2023-24లో అది 82 ఆటలాడి 19 మాత్రమే గెలిచింది. గెలుపుకు 2 పాయింట్లు. అదనపు సమయంలో ఓడితే 1. అలా ఓడినవి 9. మొత్తం 47 పాయింట్లు. 32 జట్లలో అదే ఆఖరిది.

ప్రతి ఏడూ కొత్త కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దీనిని డ్రాఫ్ట్ అంటారు. ఇది 1963లో మొదలయింది. మంచి ఆటగాళ్ళందరూ గొప్ప జట్టుకే పోతే బలహీనుడు ఎన్నటికీ లేవలేడు గనక, వెనకబడినవారికి ముందు వంతు.

"అయితే కావాలనే ఓడిపోవచ్చుగా?" అని మీరు అడగవచ్చు. పెద్దలకూ ఆ అనుమానం వచ్చింది! అందుకే 1995 నుంచి లాటరీ పెట్టారు. 14 బంతులమీద అంకెలు వేసి, నాలుగు తీస్తారు. ఇలా 1001 రకాల కూర్పులు వస్తాయి. పెద్ద తరగతులవారు లెక్క వేసి చూడండి. ఒకటి వదిలేసి, మిగిలిన వెయ్యీ వెనకబడిన 16 జట్లకు పంచుతారు. 2024, 2025లలో ఆఖరి జట్టు వాటా 185. అంటే ఆఖరున ఉన్నా మొదటి వంతు ఖాయం కాదన్నమాట.

2024లో అదృష్టం శాన్ హోసేను వరించింది. మాక్లిన్ సెలెబ్రినీ అనే 18 ఏళ్ళ కెనడా కుర్రవాడిని ఆ జట్టు ఎంచుకున్నది. అతడు 70 ఆటలలో 25 గోల్స్ చేశాడు. మరి జట్టు? 52 పాయింట్లతో మళ్ళీ ఆఖరే!

కారణం ఉన్నది. ఆట 60 నిమిషాలు. మంచుమీద ఆరుగురు ఉంటారు. ఎంతటి మేటి అయినా నిమిషం లోపలే అలసి, మరొకరికి చోటు ఇవ్వవలసినదే. ఒక్కడు పదిమంది పని చేయలేడు.

2025 లాటరీలో మొదటి వంతు న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుకు పోయింది. శాన్ హోసే రెండవ వంతులో మైకేల్ మీసాను తీసుకున్నది. అంతకుముందు 2023లో నాలుగవ వంతులో విల్ స్మిత్‌ను తీసుకున్నది. 2025 వేసవికి ఈ ముగ్గురి వయస్సులు 20, 19, 18. అప్పుడు ఆ జట్టు మరుసటి ఏటి ఆశలన్నీ ఈ ముగ్గురూ కలిసి ఎదగటం మీదనే ఉండేవి.

ఇంకొక్క మాట. 1989 డ్రాఫ్ట్‌లో 52 పేర్లు పిలిచిన తరవాత, స్వీడన్ కుర్రవాడు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ను పిలిచారు. అతడు తరవాత ఏడుసార్లు ఉత్తమ రక్షకుడి బహుమతి పొందాడు! పిలుపు ఒక్క రోజుది. సాధన ఏళ్ళ తరబడిది.