కలం పట్టాలన్నా, రూపాయి పెట్టాలన్నా భయమేనా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపినప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం కాదు, భయం. "నేనేం రాయగలను?" అనుకున్నాను. ఇదే హాస్టల్లో పదో తరగతి చదివేటప్పుడు కూడా ఇదే మాట అనుకొని, రాసిన కవితను ట్రంకు పెట్టె అడుగున దాచేశాను. వేసవి సెలవుల్లో అది పాత నోటు పుస్తకాలతో పాటు తూకానికి వెళ్ళిపోయింది. ఆ సంవత్సరం సంచికలో నా పక్క పరుపు మిత్రుడి కవిత అచ్చయింది. అది నా కవిత కన్నా గొప్పదేమీ కాదు. వాడు ఇచ్చాడు, నేను ఇవ్వలేదు. తేడా అంతే. అందుకే ఈసారి భయం గూర్చే నాలుగు మాటలు రాస్తున్నాను.

భయం ఎందుకు పుడుతుంది?

భయం వేసినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది. శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను విడుదల కావడమే దీనికి కారణం. ప్రమాదం వస్తే పోరాడటానికో, పారిపోవడానికో ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. అయితే ఎదుట ఉన్నది నిజంగా పామా, లేక మైకు ముందు నిలబడటమా అన్న తేడా శరీరానికి వెంటనే తెలియదు. రెండింటికీ ఒకేలా వణుకుతుంది.

పామును చూసి భయపడటం తెలివే. చీకట్లో తాడును చూసి పామనుకోవడం మాత్రం పొరపాటు. మన పెద్దలు ఎప్పటి నుంచో చెప్పే పోలికే ఇది. దీపం తెచ్చి చూస్తే ఏది పామో, ఏది తాడో తెలుస్తుంది. ఆ దీపం పేరే తెలుసుకోవడం.

మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు రెండు చోట్ల భయం ఎక్కువ. ఒకటి, మనసులోని మాట నలుగురి ముందు పెట్టేటప్పుడు. రెండోది, డబ్బు గూర్చి నిర్ణయం తీసుకొనేటప్పుడు. రెండింటి వెనుకా ఉన్న మాట ఒక్కటే: "ఇవి మనలాంటి వాళ్ళకు కావు."

జాషువా గారు ఎంచుకున్న దూత

ఈ మాటను అందరికన్నా ఎక్కువగా విన్నవారు గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టారు. పద్యం రాసే హక్కు తమదేనని కొందరు అనుకొనే కాలం అది. కులం పేరిట ఆయనకు అవమానాలు ఎదురయ్యాయి. అయినా కలం దించలేదు. 1941లో 'గబ్బిలం' వెలువడింది.

ఆ కావ్యంలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపాడు. నలదమయంతుల కథలో హంస రాయబారం నడిపింది. జాషువా కావ్యంలోని పేదవాడికి గుడిలోకి ప్రవేశం లేదు. తన గోడు శివునికి చెప్పమని అతడు గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలాన్ని లోకం అపశకునం అంటుంది. కానీ మనిషిని ఆపిన గుడిలోకి అది ఎగిరిపోగలదు. పైగా అది ఆ పేదవాడి గుడిసెలోకే వచ్చిన జీవి. జాషువా హంస కోసం వెతకలేదు, అందుబాటులో ఉన్నదాన్నే తీసుకున్నారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

"నాకు రాయడానికి ఏముంది?" అని అడిగే తమ్ముడికి ఇదే జవాబు. మెస్ ముందు పళ్ళెం పట్టుకొని నిలబడిన వరుస ఉంది. ఆదివారం చూడటానికి వచ్చి, బస్సు ఛార్జీలు లెక్క పెట్టుకొని వెళ్ళే అమ్మ ఉంది. వాటి గూర్చి పది వాక్యాలు రాయండి. మీ మేలు కోరే ఒక్కరికి చూపండి. తప్పులు దిద్దుకొని సంచికకు ఇవ్వండి. మొదటిసారి బాగా రాకపోవడం నేరం కాదు. అందరికీ మొదటిసారి అలాగే వస్తుంది.

మా ఇంట్లో భయానికి కట్టిన వడ్డీ

ఇక డబ్బు సంగతి. నాకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినప్పుడు ఖర్చులకు ఇరవై వేలు కావలసి వచ్చింది. మా నాన్న ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. మూడు రూపాయలంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకు మూడు రూపాయలు. అంటే సంవత్సరానికి నూటికి ముప్పై ఆరు! నెలకు 600, ఏడాదికి 7,200. మూడేళ్ళలో 21,600 కట్టాం. అసలు ఇరవై వేలు అలాగే ఉంది.

అదే డబ్బు బ్యాంకులో ఏడాదికి నూటికి పదకొండు వడ్డీకి దొరికిందనుకుందాం. ఏడాదికి 2,200 అయ్యేది. ఏటా అయిదు వేలు తేడా. మూడేళ్ళకు పదిహేను వేలు. ఆ బాకీ తీర్చడానికి మా చెల్లి ఇంటర్ ఆపి ఏడాది కూలికి వెళ్ళింది.

నాన్న బ్యాంకుకు ఎందుకు వెళ్ళలేదు? మేనేజరు ముందు ఎలా మాట్లాడాలో తెలియక భయం. ఆయన్ను నేను తప్పు పట్టను. చదువుకున్నవాణ్ణి నేను. చదువుకు రుణం ఇస్తారా అని ఒక్క మాట నేను కూడా అడగలేదు. బ్యాంకు లేదంటే లేదనేది, అంతే కదా! ఆ ఒక్క "లేదు"కు భయపడి చెల్లి చదువులో ఏడాది పోగొట్టాను.

చదువు రుణం నాలుగు లక్షల వరకు అయితే ఆస్తి హామీ అడగకూడదని బ్యాంకులకు నిబంధన ఉంది. తల్లి గానీ తండ్రి గానీ తోడుగా సంతకం పెట్టాలి. సాధారణంగా కోర్సు పూర్తయిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. ఆలోపు కూడా వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుందని మరువకూడదు.

అంబేద్కర్ గారి ఉదాహరణ

1917లో స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో అంబేద్కర్ లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి వచ్చారు. అంతటితో "నా రాత ఇంతే" అనుకోలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి జీతంలో పొదుపు చేశారు. ఒక స్నేహితుని వద్ద అప్పు తీసుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. ఆయన పరిశోధన అంశం రూపాయి సమస్యే! పొదుపు, అప్పు, సాయం అనే మూడు దారులనూ ఒక లక్ష్యం కోసం వాడిన ధైర్యం అది.

ధైర్యమంటే తెగింపు కాదు

భయం పోగొట్టుకోవడమంటే కళ్ళు మూసుకొని దూకడం కాదు. ఏడాదిలో డబ్బు రెట్టింపు చేస్తామని ఎవరైనా వస్తే అక్కడ భయపడాలి. అది తాడు కాదు, పామే. ఏడాదిలో రెట్టింపు కావాలంటే నూటికి నూరు వడ్డీ రావాలి. నూటికి పన్నెండు చొప్పున వడ్డీ మీద వడ్డీ చేరితేనే రెట్టింపుకు సుమారు ఆరేళ్ళు పడుతుంది. మరి వాడు ఎక్కడి నుంచి తెస్తాడు? ఓటీపీ అడిగే ఫోన్ల విషయంలోనూ ఇదే భయం ఉండాలి.

ఏ అప్పు తీసుకొనే ముందైనా కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకోండి. వడ్డీ నెలకా, ఏడాదికా? మొత్తం ఎంత కట్టాలి? దేనికోసం తీసుకుంటున్నాను? కట్టలేకపోతే ఏం పోతుంది? జవాబులు రాశాక భయం సగం తగ్గుతుంది. తగ్గకపోతే ఆ అప్పు మనకు వద్దు.

పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతా తెరిచి స్వయంగా నడుపుకోవచ్చు. కాస్మెటిక్ ఛార్జీల్లో పది రూపాయలు మిగిలినా అందులో వేయండి. పది రూపాయలతో ధనవంతులం కాము. కానీ ఫారం నింపడం, కౌంటరు ముందు నిలబడి అడగడం అలవాటవుతుంది. రేపు మీ నాన్న చేయి పట్టుకొని బ్యాంకుకు తీసుకెళ్ళే ధైర్యం అక్కడే మొదలవుతుంది.

మా చెల్లి ఆ తర్వాత ఇంటర్ పూర్తి చేసి డిగ్రీ కూడా చదివింది. ఇప్పుడు మా ఇంట్లో ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు చదివేది ఆమే.

మీ పెట్టె అడుగున కూడా ఏదో కాగితం ఉండే ఉంటుంది. బయటికి తీయండి. వచ్చే ఏడాది ఈ సంచికలో మీ పేరు చూడాలని కోరుకుంటూ,

మీ అన్న,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి