స్విట్జర్లాండ్ టూర్: రోజుకో హోటల్ మారితే సగం ట్రిప్ వృథా.. ఏ సిటీలో బస చేస్తే బెటరో తెలుసా?

స్విట్జర్లాండ్ వెళ్లాలనుకునేవారు ముందుగా చూసేది ఫ్లైట్ టికెట్ ధర. ఆ తర్వాత ఏయే కొండలు ఎక్కాలన్న లిస్టు. రాత్రిళ్లు ఎక్కడ ఉండాలన్నది మాత్రం చివరికి మిగులుతుంది. ఏ హోటల్ చవగ్గా కనిపిస్తే అక్కడ బుక్ చేసేస్తారు. కానీ లక్షలు పోసి వెళ్లిన ట్రిప్ కొండల మీద గడుస్తుందా, రైలు పెట్టెల్లో గడుస్తుందా అన్నది తేలేది సరిగ్గా ఇక్కడే. మరి ఏ సిటీని బేస్‌గా పెట్టుకోవాలి? జ్యూరిక్, లూసర్న్, ఇంటర్లాకెన్, బెర్న్.. వీటిలో ఎవరికి ఏది నప్పుతుందో చూద్దాం.

ఒకే చోట ఉండి తిరగడం ఎలా సాధ్యం?

స్విట్జర్లాండ్ విస్తీర్ణం సుమారు 41 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. పైగా 1982 నుంచి అక్కడ రైళ్లన్నీ గడియారం లెక్కన నడుస్తున్నాయి. ఉదయం 8.02కి ఒక రైలు ఉందంటే 9.02కి, 10.02కి కూడా అదే రూట్‌లో రైలు ఉంటుంది. ప్రధాన రూట్లలో అయితే అరగంటకొకటి. పెద్ద జంక్షన్లలో ఒక రైలు దిగితే, ఎక్కాల్సిన రైలు కొద్ది నిమిషాల్లోనే సిద్ధంగా ఉండేలా టైమ్ టేబుల్ రూపొందించారు. అందుకే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయడం అక్కడ మామూలు విషయం.

అదే హోటల్ మారితే? ఉదయం 11 గంటల్లోపు గది ఖాళీ చేయాలి. కొత్త చోట గది ఇచ్చేది మధ్యాహ్నం 2, 3 గంటలకు. మధ్యలో సూట్‌కేసులు, పిల్లలు, పెద్దవాళ్లు. మారిన ప్రతిసారీ సగం రోజు పోయినట్టే.

జ్యూరిక్: రెండు, మూడు రోజుల ట్రిప్ అయితే ఓకే

ఎయిర్‌పోర్ట్ నుంచి మెయిన్ స్టేషన్‌కు రైల్లో పది, పన్నెండు నిమిషాలే. లూసర్న్‌కు ముప్పావు గంట, బెర్న్‌కు గంట, రైన్ జలపాతానికి దాదాపు గంట. మ్యూజియాలు, సరస్సు, షాపింగ్ ఇష్టపడేవారికి జ్యూరిక్ బాగుంటుంది. సమస్యల్లా పెద్ద మంచుకొండలు దూరం కావడమే. ఉదాహరణకు యుంగ్‌ఫ్రావ్‌యోహ్. 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ రైల్వే స్టేషన్‌కు జ్యూరిక్ నుంచి వెళ్లాలంటే ముందు ఇంటర్లాకెన్‌కు రెండు గంటలు, అక్కడి నుంచి పైకి మరో గంటన్నర నుంచి రెండు గంటలు. రానూపోనూ ఏడెనిమిది గంటలు రైళ్లకే సరి.

లూసర్న్: తొలిసారి వెళ్లే కుటుంబాలకు

నాలుగైదు రోజుల ట్రిప్‌కు చాలామందికి సరిపోయే బేస్ ఇదే. జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా రైలుంది, గంట పైన కొద్ది నిమిషాల్లో చేరుకోవచ్చు. స్టేషన్ బయటికి రాగానే సరస్సు, పడవలు, చెక్క వంతెన. చుట్టూ మూడు పేరున్న కొండలున్నాయి. ముప్పావు గంటలో ఎంగెల్‌బర్గ్ చేరి అక్కడి నుంచి రోప్‌వేలో టిట్లిస్ ఎక్కొచ్చు. మనవాళ్లు షారుఖ్, కాజోల్ కటౌట్‌తో ఫొటోలు దిగేది ఇక్కడే. పిలాటస్‌కు ప్రపంచంలోనే అత్యంత నిటారుగా ఎక్కే పళ్లచక్రాల రైలుంది. అయితే ఇది చలికాలంలో నడవదు. అప్పుడు క్రీన్స్ వైపు నుంచి రోప్‌వేలో వెళ్లాలి. మూడోది రీగి. 1871లో యూరప్‌లో తొలి పర్వత రైలు నడిచింది ఈ కొండ మీదే.

ఇంటర్లాకెన్: మంచుకొండలే లక్ష్యమైతే

రెండు సరస్సుల మధ్య ఉన్న చిన్న టౌన్ ఇది. ఇక్కడ బాలీవుడ్ దర్శకుడు యశ్ చోప్రా విగ్రహం కూడా ఉంది. జలపాతాల లోయ లాటర్‌బ్రున్నెన్ 20 నిమిషాల దూరం. గ్రిండెల్‌వాల్డ్‌కు అరగంట పైచిలుకు. యుంగ్‌ఫ్రావ్ తప్పకుండా చూడాలనుకునేవారు ఇక్కడ కనీసం రెండు, మూడు రాత్రులు ఉండటం మంచిది. జ్యూరిక్, జెనీవా వంటి చోట్లకు తిరగాలంటే మాత్రం ఇది మూలకు ఉన్నట్టే.

బెర్న్: అన్ని వైపులా దారి

టూర్ ప్యాకేజీల్లో పెద్దగా వినిపించని పేరు ఇది. కానీ రైల్వే మ్యాప్ చూస్తే దీని విలువ తెలుస్తుంది. జ్యూరిక్‌కు గంట, ఇంటర్లాకెన్‌కు గంటలోపే, లూసర్న్‌కు గంట. 2007లో 34.6 కిలోమీటర్ల లోచ్‌బర్గ్ సొరంగం అందుబాటులోకి వచ్చాక మ్యాటర్‌హార్న్ కొండ ఉన్న జెర్మాట్‌కు కూడా రెండు గంటల పైన కొద్దిసేపే. యునెస్కో గుర్తింపు పొందిన పాత నగరం ఎలాగూ ఉంది. దేశమంతా తిరగాలనుకునేవారికి ఇది మంచి ఛాయిస్.

ఇక జెనీవా దేశానికి నైరుతి కొసన ఉంది. మాంట్రో, లోజాన్ వైపు చూడాలనుకుంటే బాగుంటుంది. కానీ అక్కడి నుంచి ఇంటర్లాకెన్‌కు దాదాపు మూడు గంటలు పడుతుంది.

అసలు తేల్చేది మబ్బులే!

చాలామంది మర్చిపోయే విషయం ఇదే. యుంగ్‌ఫ్రావ్ టికెట్ పూర్తి ధర సీజన్‌లో మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. మబ్బు పట్టిన రోజు ఎక్కితే పైన కనిపించేది తెల్లటి గోడే. కొండకు దగ్గర్లో ఉంటే పొద్దున్నే వెబ్‌కెమెరాలో శిఖరం చూసి, ఆకాశం బాగుంటేనే బయల్దేరొచ్చు. లేదంటే ఆ రోజు సరస్సు మీద పడవ, పాత నగరం చూసి కొండను మర్నాటికి వాయిదా వేయొచ్చు. మూడు గంటల దూరంలో హోటల్ ఉంటే ఈ వెసులుబాటు ఉండదు. కాబట్టి మీరు తప్పకుండా ఎక్కాలనుకున్న కొండకు దగ్గర్లో ఒకటికి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. ఏప్రిల్, నవంబర్ నెలల్లో మెయింటెనెన్స్ కోసం చాలా రోప్‌వేలను కొన్నాళ్లు ఆపేస్తారు. బుక్ చేసేముందు అది కూడా చూసుకోవాలి.

ఏ పాస్ కొనాలి?

ఇదీ మీ బేస్ మీదే ఆధారపడి ఉంటుంది. రోజూ దూరప్రయాణాలు చేసేవారికి స్విస్ ట్రావెల్ పాస్ లాభం. రైళ్లు, బస్సులు, పడవలు, రీగి కొండ కూడా అందులో వస్తాయి. కానీ యుంగ్‌ఫ్రావ్ పై భాగానికి ఇది ఇచ్చేది 25 శాతం తగ్గింపే. దగ్గరి కొండలే ఎక్కేవారికి సగం ధరకు టికెట్లిచ్చే హాఫ్ ఫేర్ కార్డ్ చాలాసార్లు చవక పడుతుంది. 6 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లి లేదా తండ్రి పాస్‌తో ఉచితంగా ఫ్యామిలీ కార్డ్ ఇస్తారు.

బుక్ చేసేముందు ఈ లెక్క వేసుకోండి

* చూడాలనుకున్న చోట్లన్నీ కాగితం మీద రాయండి. ఒక్కోదానికి ఎంత టైమ్ పడుతుందో స్విస్ రైల్వే యాప్ ఎస్‌బీబీలో చూడండి. ఒకవైపు ప్రయాణం రెండు గంటలు దాటే చోట్లు రెండు కంటే ఎక్కువుంటే బేస్ మార్చుకోవడమే మేలు.

* ఐదు రోజుల వరకు ఒకే బేస్ చాలు. వారం, పది రోజులైతే రెండు. లూసర్న్, ఇంటర్లాకెన్ జోడీ చాలామందికి సరిపోతుంది.

* హోటల్ స్టేషన్‌కు నడిచే దూరంలో ఉండాలి. గది కాస్త చవక అని ఊరి చివర తీసుకుంటే రోజుకు గంట బస్సులకే పోతుంది.

* పప్పు, అన్నం లేనిదే గడవని పెద్దవాళ్లుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోండి. ఆదివారం అక్కడ షాపులు దాదాపు అన్నీ బంద్. పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రమే తెరిచి ఉంటాయి. సరుకులు శనివారమే తెచ్చుకోవాలి.

* కొండ ఎక్కేముందే కిందికి దిగే చివరి రైలు లేదా రోప్‌వే టైమ్ చూసుకోండి. చాలాచోట్ల సాయంత్రమే సర్వీసులు ఆగిపోతాయి.