వలస బిడ్డకు అంగన్‌వాడీ ఏ ఊళ్లో?

వలస కుటుంబంలోని పసిబిడ్డకు సర్కారు ఖర్చుతో నడిచే సంరక్షణ దొరుకుతుందా లేదా అన్నది, ఆ హక్కును చట్టం ఎవరి పేరున రాసిందన్న దాన్నిబట్టి ఉంటుంది. బిడ్డ పేరున రాస్తే అమ్మానాన్నలు ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. పెద్దల కాగితాలకో, చిరునామాకో ముడిపెడితే ఊరు మారగానే తెగిపోతుంది. రాజధాని అమరావతి ఉన్న తుళ్లూరు ప్రాంతానికి రెండు వైపుల వలసా ఎరుకే. పనికోసం ఇక్కడికి వచ్చేవాళ్లూ ఉన్నారు, ఇక్కడినుంచి విదేశాలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు.

అమరావతికి 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 2019 తర్వాత ఆగిన పనులను 2025 మే 2న పునఃప్రారంభించారు. బిహార్, ఒడిశా, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ కూలీలు వచ్చి లేబర్ క్యాంపుల్లో ఉంటున్నారు. ఇంకో వలస చాలా పాతది. ఏటా కోతల కాలంలో కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికని, అంటే కోత పనులకని, బయల్దేరి గుంటూరు, పల్నాడు పొలాలకు పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి వస్తాయి. పొలం పక్కనే డేరాలు వేసుకుంటాయి. పాలు తాగే బిడ్డ గట్టుమీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో, మిరప ఘాటులోనే పడుకుంటుంది. కాస్త పెద్ద పిల్లే దానికి కాపలా.

వీళ్లంతా ఈ దేశ పౌరులే. చట్టం కూడా వీళ్ల పక్షానే ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసున్న పిల్లలకు స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత పోషకాహారం ఇవ్వాలంటుంది. సొంతూరు ఏదని అడగదు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లెగానీ మురికివాడగానీ అడిగితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. మిరప కూలీలకు ఈ ఆదేశం అక్కరకు రావడం కష్టం. వాళ్ల డేరాలు చేనుకు నాలుగు చొప్పున చెదిరి ఉంటాయి, 40 మంది పిల్లలు ఒక్కచోట చేరరు. మూడు నెలలు గడిచేసరికి కోతలూ అయిపోతాయి.

అంగన్‌వాడీ లెక్కలన్నీ 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో నడుస్తాయి. సొంతూరి కేంద్రం నుంచి వచ్చిన చోటి కేంద్రానికి పేరు మార్చుకునే వీలు అందులో ఉంది, రాష్ట్రం దాటినా సరే. బిడ్డకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చు. చిక్కు ఇంటికిచ్చే సరుకుల దగ్గర వస్తుంది. వీటికి 2025 జులై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. తల్లి ఆధార్‌కు ఫోన్ నంబరు ముడిపడి ఉండాలి, ఓటీపీ రావాలి. పాత నంబరు పోగొట్టుకున్న కూలీ తల్లికి అదే పెద్ద అడ్డంకి. ‘ఒకే దేశం ఒకే రేషన్’ కింద 2019 ఆగస్టులో తొలిసారి ఆంధ్ర, తెలంగాణల మధ్య బియ్యం కార్డు ఎక్కడైనా చెల్లేలా చేశారు. పెద్దల బియ్యానికి కుదిరినంత సులువుగా పసివాళ్ల గుడ్డు, పాలకు కుదరకపోవడం అన్యాయం.

తిండి ఒక్కటీ చాలదు. తల్లి పనిలో ఉన్నంతసేపూ బిడ్డను చూసేవాళ్లు కావాలి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి మహిళా కూలీలున్న పనిచోట ఆరేళ్లలోపు పిల్లలకు ప్రత్యేక గది ఉండాలంది. 49 మంది ఉన్నచోట ఆ బాధ్యతే ఉండేది కాదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ఆడ, మగ కూలీలను కలిపి 50 లెక్కగట్టడం మంచి మార్పు. కేంద్రం 2022లో తెచ్చిన ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీలోనే రోజంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు వస్తున్నాయి. తల్లి ఏ పని చేస్తుందన్న షరతు వాటికి లేదు. వలస కూలీలకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

ఇక్కడినుంచి విదేశాలకు వెళ్లినవాళ్ల బిడ్డలకు కొలత వీసా. అమెరికాలో పిల్లల సంరక్షణకిచ్చే ఫెడరల్ సబ్సిడీకి బిడ్డ పౌరసత్వ స్థితినే చూస్తారు, తల్లిదండ్రులది కాదు. హెచ్-1బి మీద వెళ్లిన గుంటూరు దంపతులకు అక్కడ పుట్టిన చిన్నది అర్హురాలు. ఇక్కడ పుట్టి హెచ్-4 ఆశ్రిత వీసా మీద వెళ్లిన పెద్దవాడు కాడు. అయితే రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటిన కుటుంబానికి సబ్సిడీ రాదు కాబట్టి, ఇంజినీర్ల ఇళ్లకు చాలావరకు ఇది అందదు. పేద పిల్లల కోసం 1965 నుంచి నడుస్తున్న హెడ్ స్టార్ట్ అసలు వలస స్థితినే అడిగేది కాదు. 2025 జులైలో అక్కడి ప్రభుత్వం అడగాలని చూస్తే, ఫెడరల్ కోర్టులు ఆ నిర్ణయం అమలును ఆపాయి.

ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ల పిల్లలకు వారానికి 15 గంటల ఉచిత సంరక్షణ ఏ వీసా ఉన్నా దక్కుతుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలకు మాత్రం దరఖాస్తు చేసేవారి వీసాపై ప్రభుత్వ నిధులు పొందరాదన్న నిషేధం ఉండకూడదు. స్కిల్డ్ వర్కర్ వీసాపై ఆ నిషేధం ఉంటుంది. ఆస్ట్రేలియా సబ్సిడీ ప్రధానంగా పౌరులకు, శాశ్వత నివాసులకే. తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు మొత్తం ఫీజు కట్టుకోవాల్సిందే.

ఇలా సర్కారు సాయం అందకపోవడంతో అమెరికాలో ఉన్న ఎన్నో తెలుగు ఇళ్లలో పసిబిడ్డను చూసుకునేది ఊరినుంచి వెళ్లిన అమ్మమ్మో నాయనమ్మో. సందర్శక వీసా మీద ఒక్కో రాకకు సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. ఒకరు తిరిగొచ్చే వేళకు వియ్యపురాలు బయల్దేరేలా రెండు కుటుంబాలూ వంతులు వేసుకుంటాయి.