నీళ్లిచ్చే చెట్టుకు నిలువ నీడేదీ?

ఉత్తరాఖండ్ కొండ పల్లెలకు వంటచెరకు, మేత, ఎరువు సమకూర్చే బాంజ్ ఓక్ ఇటు పైన్ దూకుడుకు, అటు మితిమీరిన వాడకానికి వెనక్కి తగ్గుతోంది

కలప వ్యాపారి దృష్టిలో బాంజ్ పనికిమాలిన చెట్టు. మాను వంకర టింకరగా పెరుగుతుంది. కర్ర గట్టిదే కానీ ఆరేకొద్దీ మెలితిరిగి చీలిపోతుంది. పలకలు కోయడానికి పెద్దగా అక్కరకు రాదు. కానీ కుమావూ, గఢ్వాల్ పల్లెల్లో పశువులనూ పొలాన్నీ సాకే మహిళలకు అదే కల్పవృక్షం.

క్వెర్కస్ ల్యూకోట్రైకోఫోరా అన్నది దీని శాస్త్రీయ నామం. దక్కనులోనూ తూర్పు కనుమల్లోనూ సహజంగా పెరగని ఓక్ కుటుంబానికి చెందిన ఈ సతత హరిత వృక్షం హిమాలయాల్లో సుమారు 1,200 నుంచి 2,300 మీటర్ల ఎత్తులో కనిపిస్తుంది. రంపపు అంచు ఉండే ఆకు పైన ముదురాకుపచ్చ, అడుగున తెల్లటి నూగు. చిన్న గిన్నెలో కూర్చున్నట్టుండే కాయ ముదరడానికి ఏడాది పైనే పడుతుంది. రాష్ట్ర వృక్షమైన బురాంశ్ తరచూ దీని సరసనే పూస్తుంది.

చలికాలంలో గడ్డి ఎండిపోయినప్పుడు ఆవులకూ గేదెలకూ బాంజ్ రెమ్మలే మేత. కట్టె నిదానంగా, మంచి వేడితో మండుతుంది. రాలిన ఆకును పశువుల కింద పరుస్తారు. అది పేడతో కలిసి ఎరువై మెట్ల పొలాలకు చేరుతుంది. నాగళ్లు, కొడవలి పిడులూ దీనివే. ఓక్ టసర్ పట్టుపురుగులకు ఆహారం కూడా ఈ ఆకే.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీరు. బాంజ్ అడవి నేల మీద పరుచుకునే మందపాటి ఆకు పొర వాన వేగాన్ని ఆపి నేలలోకి ఇంకేలా చేస్తుంది. బుగ్గలు ఊరడానికి రాతి పొరల అమరిక కూడా కారణమే. అయితే వాన నీరు వాలున జారిపోతే ఆ పొరలకు చేరేదేముంటుంది? అల్మోడా మీదుగా పారే కోసీ, హల్ద్వానీకి నీరిచ్చే గౌలా హిమానీనదాల నుంచి పుట్టినవి కావు. వాటికి బుగ్గలూ వానలే ఆధారం. హిమాలయ ప్రాంతంలో దాదాపు సగం బుగ్గలు ఎండిపోతున్నాయని నీతి ఆయోగ్ 2018 నివేదిక హెచ్చరించింది.

పైన్‌దే పైచేయి

బ్రిటిష్ అటవీ శాఖకు బంక, రైల్వే స్లీపర్లు ఇచ్చే చిర్ పైన్ ముద్దొచ్చింది. బాంజ్ చిన్నబోయింది. అడవిపై ఆంక్షలతో విసిగిన కుమావూ జనం 1921లో తిరగబడ్డారు. బాంజ్ స్థానాన్ని పైన్ ఆక్రమిస్తోందని గాంధీజీ శిష్యురాలు మీరా బెన్ 1950ల తొలినాళ్లలోనే హెచ్చరించారు. నేడు ఉత్తరాఖండ్‌లో చిర్ పైన్ దాదాపు 4 లక్షల హెక్టార్లలో విస్తరించి ఉంది.

'పిరుల్'గా పిలిచే ఎండు పైన్ సూదులు వేసవిలో ఇట్టే అంటుకుంటాయి. మంట పైన్ మానును పెద్దగా ఏమీ చేయదు కానీ బాంజ్ మొలకలను మాడ్చేస్తుంది. ఖాళీ అయిన చోట మళ్లీ పైన్ విత్తనమే పడుతుంది. 2024 జూన్‌లో బిన్‌సర్ అభయారణ్యంలో చెలరేగిన మంటల్లో నలుగురు అటవీ సిబ్బంది అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయారు.

నేరమంతా పైన్ మీద నెట్టేయడం కుదరదు. ఏటా కొమ్మలు నరికించుకున్న బాంజ్ సరిగా కాయదు. కాసినా కాయలు కొండముచ్చుల పాలు, మొలకలు మేకల పాలు. ముదురు చెట్లు నిలిచి ఉన్నా లేత మొక్కలు కనిపించని అడవులకు భవిష్యత్తు లేదు.

పరిష్కారం తెలియనిది కాదు. 1931 నిబంధనలతో మొదలైన వన పంచాయతీలు నేడు 11 వేలకు పైనే ఉన్నాయి. ఏ రోజు, ఎంత కోయాలో ఊరే తేల్చుకుని, కాపలా పెట్టుకున్న చోట చెట్టు కోలుకుంటుంది. పౌడీ జిల్లా ఉఫ్రేంఖాల్‌లో ఉపాధ్యాయుడు సచ్చిదానంద్ భారతి గ్రామస్థులతో, ముఖ్యంగా మహిళలతో కలిసి వాలుల్లో చిన్న నీటి గుంటలు తవ్వించి, మొక్కలు నాటించి అడవిని తిరిగి నిలబెట్టారు.

వంట గ్యాస్ రాకతో కట్టెల ఒత్తిడి కొంత తగ్గుతోంది. కానీ మరో సమస్య తలెత్తింది. 2011 జనాభా లెక్కల్లో పౌడీ, అల్మోడా జిల్లాల జనాభా అంతకు ముందు కన్నా తగ్గింది. బాంజ్ నిదానంగా పెరిగే చెట్టు. ఈ రోజు నాటితే ఫలితం అందేది తర్వాతి తరానికి. ఆ తరం ఊళ్లో ఉంటుందన్న నమ్మకం కలిగించనిదే మొక్కలు నాటే పథకాలు ఎన్ని ప్రకటించినా వాటికి కాపలా కాసే చేతులు దొరకవు.